వారాసిగూడల రీడింగు

ప్రతి నెల ఏడో తారీఖు
వారాసిగూడ గల్లీలల్ల
మూడొందల ఇరవై కరెంటు మీటర్లు చూస్త.
మెట్ల కింద, చెప్పుల స్టాండు వెనక,
ఒకకాడ దేవుని పటం పక్కన,
అంకెలు యాడ దాక్కున్నా పట్టుకుంట.

నఫీసా ఆపా ఐస్‌క్రీం దుకాణంల మాత్రం
మీటరు ఎదురుంగనే ఉంటది.
నేను రీడింగు తీసేలోపల
ఆమె చెక్క చెంచా పట్టుకొని నిలవడ్తది.
"కండ్లు మూస్కో. ఏందో చెప్పు."

ఇదివరకు ఆపా యునానీ దవాఖానాల
షర్బతులు కలిపేదట.
ముప్పై ఏండ్లు చేదును తీపిల దాచే కొలువు.
ఇప్పుడు దాచేటిదేం లేదంటది.
నల్లబోర్డు మీద సుద్దముక్కతోని రాస్తది:

చింతచిగురు
ఇప్పపువ్వు
జామకాయ (ఉప్పుకారం అడిగి తీస్కోవాలె)
వాము, అన్నం తిన్నోళ్లకే
మాడిన పాలు

"ఆపా, ఆ 'మాడిన' తుడువు, జనం రారు" అన్న.
చెంచా నోట్లె పెట్టింది.
గిన్నె అడుగు గీకి గీకి తిని
తన్నులు తిన్న పిలగాడొకడు
నా లోపట లేచి కూసున్నడు.
ఆ రోజు పక్కింటి బిల్లు తప్పు కొట్టిన.

సాయంత్రం కోచింగ్ సెంటర్ పిల్లలు ఆరుగురొస్తరు.
"చాక్లెట్ ఉందా ఆంటీ?"
"ఎదురు దుకాణంల ఉంది బేటా,
ఇక్కడ చింతచిగురుంది."
ఐదుగురు రోడ్డు దాటిపోతరు.
ఆరోవాడు ఆగుతడు.
ఆపాకు దినాం ఒక ఆరోవాడు చాలు.
కిరాయికే, ఆ ఐదుగురు గూడ కావాలె.

మార్చిల ఒక కొత్తది చేసింది.
తెల్లగుంది. వాసన లేదు.
పాలా? కాదు.
కొబ్బరా? కాదు.
మొదటిసారి ఓడిపోయిన.
"కుండనీళ్ళు" అన్నది, కొంచెం సిగ్గుతోని.
కొత్త కుండ, తొలినాటి నీళ్ళు.
వట్టివేళ్ళు నానేసి, పెంకులు ఉడికించి
వారం రోజులు తిప్పలు పడ్డదట.
నాకు సల్లదనం తప్ప ఏం తెల్వలే.
"మంచిగుంది" అన్న.
దవాఖానాల పనిచేసిన మనిషి,
నాలిక చూడకుండనే నా అబద్ధం పట్టింది.
బోర్డు మీద పేరు తుడిచింది.
డబ్బా మాత్రం పెట్టె అడుగున ఉంచుకుంది.

మే నెల. పట్టపగలు
ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది.
తీగలు నా పని కాదు, నేను అంకెలోణ్ణి.
మెడల కార్డుంది కద,
గల్లీ గల్లీ నన్నే తిట్టింది.
కార్డు జేబుల ఏస్కొని
దొంగ లెక్క దుకాణం దాటబోయిన.

"ఓ రీడింగ్!"

ఆపా డబ్బాలన్నీ గడప మీదికి తెచ్చింది.
కరుగుతున్న చింతచిగురు గ్లాసులల్ల పోసి
ఉల్లిగడ్డల బండాయనకు, ఆటోల పన్నాయనకు,
ఎదురు దుకాణం ఓనరుకు,
ఆ ఐదుగురు పిల్లలకు గూడ ఇస్తున్నది.
పైసలియ్యబోతే కసురుతున్నది.
నేనేమో భూమి దిక్కు చూస్తున్న.
ఆఖరి డబ్బా వంచి గ్లాసు నింపింది.
కండ్లు మూస్కొమ్మనలే.

తాగిన.
ముందు గొంతుల మట్టి తడిసింది.
తర్వాత ఎండకు బడి నుంచి ఉరికొచ్చి
చెప్పులిడువకుండనే ముంచుకున్న సత్తుగ్లాసు,
గదుమ మీదికెల్లి అంగిల కారిన సల్లటి తీగ.
"ఆపా" అన్న. ఇంకేం అనరాలే.
ఆమె అడుగున మిగిలిన గుక్క తాగి చూసి
నెత్తి కొట్టుకుంది.
"హౌలా పని చేసిన. గడ్డకట్టినంక
అది కుండనీళ్ళెట్లయితది?"

జూన్ ఏడు.
బోర్డు మీద కొత్త అక్షరాలు:
కుండనీళ్ళు. కరిగినంకనే తాగాలె.
తొందరున్నోళ్ళు అడగొద్దు.

నాకింకా రెండొందల మీటర్లున్నయి.
మిషను స్టూలు మీద పెట్టి కూసున్న.
కప్పుల తెల్లటి ముద్ద,
అంచులు ఇప్పుడిప్పుడే తడుస్తున్నయి.